దొనకొండ ఎయిర్‌స్ట్రిప్‌లో సొంత విమానం పెట్టుకోవచ్చా? చిన్న విమానాల మెయింటెనెన్స్ చరిత్ర



మార్కాపురం రోడ్ స్టేషన్‌లో గుంటూరు వైపు వెళ్లే రైలెక్కితే గజ్జెలకొండ దాటాక దొనకొండ వస్తుంది. గిద్దలూరు, కంభం, తర్లుపాడు వాళ్లకి ఈ లైన్ గురించి నేను చెప్పక్కర్లేదు. ఆ దొనకొండలో ఒక ఎయిర్‌స్ట్రిప్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటిది, బ్రిటిష్ వాళ్లు వాడుకున్నది. ఇప్పుడు విమానాల రాకపోకలు లేవు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు రాజధాని దొనకొండకే వస్తుందని ఊరూరా ఎంత చర్చ జరిగిందో మీ ఇళ్లలో పెద్దవాళ్లని అడగండి. అప్పుడు కూడా అందరూ మొదట చెప్పిన మాట ఇదే: “అక్కడ ఆల్రెడీ రన్‌వే ఉంది కదా!”

రన్‌వే ఉంది, ఒప్పుకుందాం. మరి ఎవరైనా డబ్బున్న మనిషి ఒక చిన్న విమానం కొని, నాలుగు సీట్ల సెస్నా లాంటిది, తెచ్చి అక్కడ పెట్టుకుంటే? నడుస్తుందా? ఈ ఎపిసోడ్ అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. జవాబు కావాలంటే మాత్రం ఒక తొంభై అయిదేళ్లు వెనక్కి వెళ్లాలి.

అంతకన్నా ముందు దొనకొండ రైల్వే సంగతి ఒక్క నిమిషం. మీటర్ గేజ్ రోజుల్లో దొనకొండ అంటే లోకోషెడ్. ఆవిరి ఇంజన్లు అక్కడ ఆగేవి. ఆవిరి ఇంజన్ ఎలాంటి యంత్రమంటే, అది పరిగెత్తే టైమ్ ఎంత ముఖ్యమో షెడ్‌లో నిలబడే టైమ్ కూడా అంతే ముఖ్యం. బూడిద దించాలి, బాయిలర్ చల్లార్చి లోపల పేరుకున్న సున్నపు పొర కడగాలి, ప్రతి కీలుకీ ఆయిల్ పట్టాలి. ఏది ఎప్పుడు చేశారో పుస్తకంలో రాయాలి. ఇన్ని మైళ్లకి ఈ పని, ఇన్ని రోజులకి ఆ పని అని లెక్క. చెడిపోయాక బాగుచేయడం కాదు, చెడిపోకముందే విప్పి చూడటం. విమానాల మెయింటెనెన్స్ అంతా ఈ ఒక్క ఆలోచన మీదే నిలబడింది. కాబట్టి ఆ పద్ధతి దొనకొండకి కొత్తది కాదు, విమానాల కంటే ముందే తెలుసు.

ఇప్పుడు విమానాల దగ్గరకి వద్దాం. మామూలు మనిషి సొంతంగా కొనుక్కోగలిగిన మొదటి విమానాల్లో అందరికీ తెలిసిన పేరు మాత్. ఇంగ్లండ్‌లో డి హావిలాండ్ కంపెనీ 1925లో తెచ్చింది. చెక్క, గుడ్డ, ఒక ఇంజన్, రెండు సీట్లు. రెక్కలు వెనక్కి మడిచి షెడ్డులో పెట్టుకోవచ్చు. తర్వాత జిప్సీ ఇంజన్ పెట్టి జిప్సీ మాత్ అన్నారు, దాని ధర 650 పౌండ్లు. అప్పుడు ఒక పౌండ్‌కి సుమారు పదమూడు రూపాయల ఐదణాలు. అంటే ఎనిమిదిన్నర వేల పైచిలుకు. ఆ రోజుల్లో అది జమీందార్లు, పెద్ద వ్యాపారుల స్థాయి డబ్బే, కాదనను. కానీ రాజులకే పరిమితం కాని డబ్బు. మన దేశంలో ఢిల్లీ, బొంబాయి, కరాచీ, కలకత్తాల్లో ఫ్లయింగ్ క్లబ్బులు మొదలయ్యాయి. 1929 ఫిబ్రవరి 10న జేఆర్‌డీ టాటా చేతికి భారతదేశంలో జారీ అయిన మొదటి పైలట్ లైసెన్స్ వచ్చింది.

1930లో ఆగాఖాన్ ఒక పోటీ పెట్టాడు. ఇంగ్లండ్ నుంచి ఇండియాకి గానీ, ఇండియా నుంచి ఇంగ్లండ్‌కి గానీ ఒంటరిగా ఎగిరి, గడువులోగా మొదట చేరిన భారతీయుడికి 500 పౌండ్లు. ముగ్గురు దిగారు: మన్‌మోహన్ సింగ్, ఆస్పీ ఇంజనీర్, జేఆర్‌డీ. ముగ్గురివీ జిప్సీ మాత్‌లే. ఈ మన్‌మోహన్ సింగ్ వేరు, మన ప్రధాని కాదు, కామెంట్లలో గొడవ పెట్టకండి. ఆయన అసలు ముందే చేరాడు, కానీ గడువు దాటిపోయింది.

ఆస్పీకి అప్పుడు పదిహేడేళ్లు. ఇంటిపేరే ఇంజనీర్! ఆయన ఇంగ్లండ్ నుంచి ఇటు వస్తున్నాడు, జేఆర్‌డీ కరాచీ నుంచి అటు వెళ్తున్నాడు. ఇద్దరూ ఈజిప్ట్‌లో అలెగ్జాండ్రియా దగ్గర అబూకిర్‌లో కలిశారు. చూస్తే ఆస్పీ అక్కడే ఇరుక్కుపోయి ఉన్నాడు. కారణం? స్పార్క్ ప్లగ్. స్పేర్ ప్లగ్‌లు లేవు, ఎక్కడినుంచో రావాలి, ఎదురుచూస్తున్నాడు. జేఆర్‌డీ తన దగ్గరున్న స్పేర్ ప్లగ్‌లు తీసి ఇచ్చేశాడు. పోటీలో ఉన్న మనిషికి! ఆస్పీ ఎగిరాడు, కరాచీ చేరాడు, కొద్ది గంటల తేడాతో ప్రైజ్ కొట్టాడు. ఈ ఆస్పీ ఇంజనీరే తర్వాత 1960లో భారత వైమానిక దళాధిపతి అయ్యాడు.

ఈ కథని అందరూ స్నేహం కథలా, పెద్దమనసు కథలా చెప్తారు. నిజమే, తప్పేం లేదు. కానీ నాకు ఇందులో ఆ ప్లగ్ ముఖ్యం. మీ బైక్‌కి ప్లగ్ పోతే తోసుకుంటూ మెకానిక్ షాపుకి వెళ్తారు, వంద, నూటయాభైతో పని అయిపోతుంది. జిప్సీ ఇంజన్‌కి నాలుగు సిలిండర్లు, ఒక్కో సిలిండర్‌కి రెండు ప్లగ్‌లు, మొత్తం ఎనిమిది. ఎందుకు రెండు? ఒకటి గాల్లో ఉండగా పోతే రెండోది పనిచేయాలి. ప్లగ్‌లకి కరెంటు ఇచ్చేవి మాగ్నెటోలు, అవీ రెండు. బ్యాటరీ చచ్చిపోయినా ఇంజన్ ఆగదు. ఇప్పటికీ చిన్న పిస్టన్ విమానాల్లో ఎక్కువభాగం ఇదే పద్ధతి. పైలట్ టేకాఫ్‌కి ముందు రన్‌వే పక్కన ఆగి ఇంజన్ కాస్త రేజ్ చేస్తాడు, ఒక మాగ్నెటో ఆపి చూస్తాడు, తర్వాత రెండోది ఆపి చూస్తాడు. ఆర్‌పీఎమ్ కొంచెం పడాలి, ఎక్కువ పడకూడదు. ఎక్కువ పడితే ఆ రోజుకి ప్రయాణం లేదు, వెనక్కి తిప్పి షెడ్డుకి. బయట పెళ్లి ముహూర్తం ఉన్నా సరే.

1932 అక్టోబర్ 15. జేఆర్‌డీ పుస్ మాత్ విమానంలో కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి ఉత్తరాలు తెచ్చాడు. అహ్మదాబాద్‌లో పెట్రోలు డబ్బాలు ఎద్దుల బండి మీద వచ్చాయి. బొంబాయి నుంచి నెవిల్ విన్సెంట్ ఆ ఉత్తరాలు తీసుకుని బళ్లారిలో రాత్రి ఆగి, మర్నాడు మద్రాసు చేరాడు. బళ్లారి అప్పుడు మన మద్రాస్ ప్రెసిడెన్సీలోదే. ఇంకో సంగతి చూడండి: గిద్దలూరు, మార్కాపురం, దొనకొండ మీదుగా వేసిన రైలు మార్గాన్ని మొదట్లో పిలిచిన పేరే బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వే. అంటే మన లైన్‌కి పశ్చిమ కొసన ఉన్న ఊళ్లోనే ఆ విమానం రాత్రి పడుకుంది.

ఆ టాటా కంపెనీ అప్పటి ఆస్తి ఎంత? బొంబాయి జుహూలో తాటాకు కప్పు షెడ్డు, రెండు పాత విమానాలు, ఒక పూర్తికాలపు పైలట్, ఒక పార్ట్‌టైమ్ ఇంజనీర్, ఇద్దరు అప్రెంటిస్ మెకానిక్‌లు. జేఆర్‌డీయే తర్వాత ఈ లెక్క చెప్పేవాడు. వానాకాలం వస్తే జుహూ మైదానం నీళ్లలో మునిగేది, మకాం పూనాకి మార్చేవాళ్లు. అయినా మొదటి పూర్తి సంవత్సరం 1933లో 155 మంది ప్రయాణికుల్ని, 10 టన్నులకి పైగా ఉత్తరాల్ని మోశారు. పేరు పైలట్లకి వచ్చింది. ఆ పార్ట్‌టైమ్ ఇంజనీర్, ఆ ఇద్దరు కుర్రాళ్లు రాత్రిపూట వాల్వులు రుద్దకపోతే పొద్దున ఎగిరేదేంటి? చరిత్ర పుస్తకాలు ఈ ముగ్గుర్నీ ఒక్క వాక్యంలో దాటేస్తాయి, నాకు అది నచ్చదు.

యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన డకోటాలు కొని కంపెనీలు పుట్టాయి. హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు, 1953లో అన్నీ జాతీయమయ్యాయి. అది పెద్ద విమానాల కథ, ఇంకో రోజు చెప్పుకుందాం. చిన్న విమానాల్లో మనది అనుకోదగ్గ మొదటి పేరు పుష్పక్. హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ బెంగళూరులో తయారుచేసింది, ఘాటగే గారి డిజైన్, 1958 సెప్టెంబర్‌లో మొదటిసారి ఎగిరింది. 90 హార్స్‌పవర్ ఇంజన్, రెండు సీట్లు. నూటయాభైకి పైగా తయారై దేశంలో ఫ్లయింగ్ క్లబ్బులకి వెళ్లాయి.

పుష్పక్ ఒళ్లంతా గుడ్డ. చాలామందికి ఇది నమ్మబుద్ధి కాదు. స్టీలు గొట్టాల చట్రం, చెక్క రెక్క, దాని మీద గుడ్డ బిగించి డోప్ అనే ద్రవం పూస్తారు. ఆరేకొద్దీ గుడ్డ డప్పు చర్మంలా బిగుసుకుంటుంది. చిటికెన వేలితో కొడితే మోగాలి. ఎండకి ఆ గుడ్డ బలం పోతుంది, పైకి కనిపించదు, రంగు మెరుస్తూనే ఉంటుంది. అందుకే ఒక చిన్న పరికరంతో గుడ్డ మీద నొక్కి ఎంత బరువుకి లోపలికి దిగుతుందో చూస్తారు. పాసవకపోతే మొత్తం చింపి మళ్లీ కట్టాలి. మన వైపు మే నెల ఎండ తెలుసు కదా. బయట నిలబెట్టిన గుడ్డ విమానానికి ఆ ఎండే పెద్ద శత్రువు. షెడ్డు అంటే ఇక్కడ లగ్జరీ కాదు, అది కూడా విమానంలో ఒక భాగమే.

ఇప్పటి చిన్న విమానాలు అల్యూమినియంవి, లేదా కాంపోజిట్‌వి. బెంగళూరు ఎన్ఏఎల్ చేసిన హంస కాంపోజిట్టే, 1993లో మొదట ఎగిరింది, కొత్త రూపం హంస ఎన్జీ 2021లో ఎగిరింది. లోహం వచ్చాక గుడ్డ బాధ పోయింది, తుప్పు బాధ వచ్చింది. ఈ విషయంలో మాత్రం పశ్చిమ ప్రకాశం అదృష్టమైన ప్రాంతం. సముద్రపు ఉప్పుగాలి ఇంతదూరం రాదు. చెన్నైలో బయట పెట్టిన విమానం కన్నా దొనకొండలో పెట్టింది ఎక్కువ కాలం బాగుంటుంది అని నా లెక్క.

కానీ వేడి ఉంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. ఉష్ణోగ్రత 42 డిగ్రీలుంటే సముద్రమట్టంలో ఉన్న రన్‌వే కూడా విమానానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. ఇంజన్ బలం తగ్గుతుంది, రెక్క పట్టు తగ్గుతుంది, లేవడానికి ఎక్కువ దూరం కావాలి. నలుగురు ఎక్కి ట్యాంక్ నింపుకుని మిట్టమధ్యాహ్నం బయల్దేరడం కుదరదు. తెల్లవారుజామున వెళ్లాలి, మన రైతులు పొలానికి వెళ్లినట్టు.

ఇంజన్ లెక్కలు కిలోమీటర్లలో ఉండవు, గంటల్లో ఉంటాయి. సెస్నా 152లో ఉండే లైకమింగ్ ఇంజన్‌కి కంపెనీ చెప్పే ఓవర్‌హాల్ గడువు 2,400 గంటలు. చాలా నాలుగు సీట్ల విమానాల ఇంజన్లకి 2,000. ఆ లోపల యాభై గంటలకోసారి ఆయిల్ మార్చి, ఫిల్టర్ కోసి అందులో లోహపు రజను ఉందేమో చూస్తారు. వంద గంటలకోసారి విప్పదీసి తనిఖీ. ఎగరకపోయినా ఏడాదికోసారి తప్పదు. మన దేశంలో డీజీసీఏ నిబంధన ప్రకారం విమానం ఎగరడానికి తగినదే అన్న రివ్యూ సర్టిఫికెట్ ఏటా తెచ్చుకోవాలి, సంతకం పెట్టాల్సింది లైసెన్స్ ఉన్న ఇంజనీర్లు. ఎయిర్‌ఫ్రేమ్‌కి ఒక లాగ్‌బుక్, ఇంజన్‌కి ఒకటి, ప్రొపెల్లర్‌కీ లెక్క. మార్కాపురం పలక మీద రాసింది చెరిపేసి మళ్లీ రాసుకోవచ్చు. లాగ్‌బుక్‌లో అలా కుదరదు. పాత విమానం కొనేవాళ్లు ముందు చూసేది రంగు కాదు, ఈ పుస్తకాలే. పుస్తకాలు పోయిన విమానం ధర సగానికి పడిపోయినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

“అయితే తక్కువ ఎగిరిన విమానం మంచిదే కదా?” కాదు. వాడని విమానమే ముందు పాడవుతుంది. లైకమింగ్ ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ పైభాగంలో ఉంటుంది. నెలలు నిలబెడితే ఆయిల్ అంతా కిందికి జారిపోయి దానికి తుప్పు పడుతుంది. రబ్బరు గొట్టాలు పగులుతాయి. ఇంకా, రెక్క కింద పీటో ట్యూబ్ అని చిన్న గొట్టం ఉంటుంది, వేగం చెప్పేది అదే. దానికి కవర్ వేయకుండా వదిలేస్తే కుమ్మరి పురుగు మట్టి తెచ్చి గూడు కట్టేస్తుంది. నవ్వొస్తోందా? 1996 ఫిబ్రవరిలో డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక బోయింగ్ 757 కూలి 189 మంది చనిపోయారు. కొన్ని వారాలు నేల మీదే ఉన్న విమానం. పీటో ట్యూబ్ మూసుకుపోయింది, బహుశా ఇలాంటి పురుగు గూడే అని దర్యాప్తులో తేల్చారు. పెద్ద విమానానికే ఆ గతి పట్టింది.

ఇక మన వైపు ఎవరూ మర్చిపోలేని రోజు. 2009 సెప్టెంబర్ 2. ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖర రెడ్డి గారు బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకి బెల్ 430 హెలికాప్టర్‌లో బయల్దేరారు. నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలింది, అయిదుగురూ పోయారు. అది ప్రభుత్వానిది, ప్రైవేటుది కాదు. విమానం కాదు, హెలికాప్టర్. అయినా ఇక్కడ చెప్పాల్సిందే. రాజకీయంగా ఎవరికి ఏ అభిప్రాయం ఉన్నా, ఇక్కడ నేను చెప్పేది త్యాగి కమిటీ దర్యాప్తులో ఉన్న విషయం మాత్రమే.

వాతావరణం బాగాలేదు, దారిలో పెద్ద మేఘాలు. అదే టైమ్‌లో కాక్‌పిట్‌లో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ గురించిన హెచ్చరిక మీదకి పైలట్ల దృష్టి పోయింది. దానికి ఏం చేయాలో మాన్యువల్‌లో వెతకడానికే ఆరు నిమిషాలకి పైగా పట్టింది. ఆ లోపల హెలికాప్టర్ భారీ మేఘంలోకి వెళ్లింది, కిందికి తోసే గాలి బలంగా తగిలింది, తేరుకునే అవకాశం లేకపోయింది. ఆరు నిమిషాలు అంటే మనం టీ తాగే టైమ్. మెయింటెనెన్స్ అంటే నట్లు బిగించడం ఒక్కటే అనుకుంటాం. ఏ దీపం వెలిగితే పుస్తకంలో ఏ పేజీ తియ్యాలి, ఆ పేజీ వెంటనే చేతికి దొరుకుతుందా, ఇది కూడా అందులో భాగమే.

తర్వాత ఆ రోజంతా, ఆ రాత్రంతా వెతికారు. అడవి, వాన. మర్నాడు పొద్దునగానీ దొరకలేదు. ప్రకాశం, కర్నూలు జిల్లాల్లో ఆ రాత్రి టీవీలు ఆపని ఇళ్లు ఎన్నో.

ఇక్కడ అప్‌గ్రేడ్ మాట వస్తుంది. కూలినప్పుడు తనంతట తానే సిగ్నల్ పంపే పెట్టె ఉంటుంది, ఈఎల్‌టీ అంటారు. పాతవి 121.5 మెగాహెర్ట్జ్ మీద పనిచేసేవి. 2009 ఫిబ్రవరి 1 నుంచి శాటిలైట్లు ఆ ఫ్రీక్వెన్సీని వినడం ఆపేశాయి, 406 మెగాహెర్ట్జ్ మాత్రమే వింటున్నాయి. కొత్తది జీపీఎస్ కలిపినదైతే వంద మీటర్ల దగ్గరదాకా చోటు చెప్పగలదు, విమానం ఎవరిదో కూడా చెప్తుంది. సొంత విమానం ఉన్నవాడు దేనికి ముందు డబ్బు పెట్టాలి అని అడిగితే నేను దీనికే అంటాను. తోలు సీట్లు తర్వాత.

జనం మాత్రం ముందు స్క్రీన్లే మారుస్తారు. పాత గుండ్రటి డయల్స్ పీకి గార్మిన్ లాంటి డిజిటల్ స్క్రీన్లు పెట్టడం అమెరికాలో పెద్ద వ్యాపారం. అక్కడ 2020 జనవరి 1 నుంచి చాలా చోట్ల ఎగరాలంటే ఏడీఎస్-బీ అనే పరికరం తప్పనిసరి చేశారు, దాంతో 1960ల నాటి సెస్నాలకి కూడా కొత్త పెట్టెలు పడ్డాయి. మంచిదే. డయల్స్ నడిపే గైరోలు అరిగిపోతాయి, స్క్రీన్‌లో తిరిగే భాగాలు లేవు. కానీ మీ ఫోన్‌కి కవర్ మార్చినట్టు మార్చడం కుదరదు. ఆ మోడల్‌కి ఆ పరికరం పెట్టొచ్చని ఆమోదం ఉండాలి, వైరింగ్ అర్హత ఉన్నవాళ్లే చేయాలి, కొత్త బరువుతో విమానం బ్యాలెన్స్ ఎక్కడుందో మళ్లీ లెక్కగట్టి కాగితం మీద పెట్టాలి. ముక్కు దగ్గర మూడు కిలోలు తగ్గినా లెక్కలోకి వస్తుంది.

మన దేశంలో ఈ కాగితాల బరువు ఎంతో తెలియాలంటే ముంబై పైలట్ అమోల్ యాదవ్ కథ చాలు. ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టాడు. ఏళ్ల తరబడి తిరిగి 2017లో రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నాడు, ఎగిరేందుకు పర్మిట్ 2019లో వచ్చింది. కట్టడానికి పట్టిన ఓపిక ఒక ఎత్తు, ఫైలు కదలడానికి పట్టింది ఇంకో ఎత్తు. నిబంధనలు ఉండకూడదని నేను అనను, పైన చెప్పినవన్నీ విన్నాక మీరూ అనరు. కానీ సమాధానం వేగంగా ఇవ్వొచ్చు కదా, అది వద్దు అని అయినా సరే.

సరే, దొనకొండ ప్రశ్న. విమానం కొనడం వీటన్నిటిలో తేలిక. మొదటి అడ్డు పెట్రోలు. చిన్న పిస్టన్ విమానాల్లో ఎక్కువభాగానికి ఏవీగ్యాస్ 100 ఎల్ఎల్ కావాలి, బంకులో దొరకదు. మొన్న మొన్నటిదాకా దేశమంతా దిగుమతే, 2022లో ఇండియన్ ఆయిల్ గుజరాత్ రిఫైనరీలో తయారీ మొదలుపెట్టింది. దాన్ని పశ్చిమ ప్రకాశానికి డ్రమ్ముల్లో తెప్పించుకోవాలి. రోటాక్స్ ఇంజన్ ఉన్న తేలిక విమానమైతే మంచి మోటార్ పెట్రోలుతో నడుస్తుంది, అది కాస్త నయం. రెండో అడ్డు మనిషి. లైసెన్స్ ఉన్న ఇంజనీర్ హైదరాబాద్ నుంచి రావాలి, లేదా విమానమే అక్కడికి పోవాలి. చిన్న రిపేరు వచ్చి ఎగరలేని స్థితిలో ఉంటే ఆయన వచ్చేదాకా ఆస్పీ ఇంజనీర్ అబూకిర్‌లో కూర్చున్నట్టు కూర్చోవాలి. మూడోది షెడ్డు, కాపలా, రన్‌వే మీద కంపచెట్లు పీకే పని, దానికి ముందు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అనుమతి.

ఒక్క విమానం కోసం ఇవన్నీ నిలబడవు. ఒక ఫ్లయింగ్ స్కూలు వచ్చి పది విమానాలు పెడితే ఇంజనీరూ వస్తాడు, పెట్రోలూ వస్తుంది, ఆ పదకొండోది మీదైనా పర్వాలేదు. 1920ల చివర్లో ఫ్లయింగ్ క్లబ్బులు పుట్టింది ఈ లెక్కతోనే. నాగార్జునసాగర్ దగ్గర ఎయిర్‌స్ట్రిప్‌లో శిక్షణ విమానాలు ఎగిరాయి కాబట్టి మన చుట్టుపక్కల ఇది వినని మాటేం కాదు.

లోకోషెడ్‌లో ఫిట్టర్‌గానో ఫైర్‌మన్‌గానో పనిచేసిన తాతలు దొనకొండ, కురిచేడు, మార్కాపురం వైపు ఇళ్లలో ఇంకా ఉండొచ్చు. ఇంజన్ ఏ పని ఎన్ని రోజులకి చేసేవాళ్లు, పుస్తకంలో ఎవరు సంతకం పెట్టేవాళ్లు, వాళ్ల మాటల్లోనే ఫోన్‌లో రికార్డు చేసి పంపండి. అలాంటివి వస్తే వచ్చే ఎపిసోడ్ అచ్చంగా దొనకొండ షెడ్ మీదే చేద్దాం.